పలకని అక్షరాల చుట్టరికం

*రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. ఇంగ్లిష్ మాటలతో మన కుస్తీ ఎల్‌కేజీలో మొదలై ఇంటర్వ్యూ గది దాకా సాగుతుంది. ఒక్కో మాటనీ విడిగా బట్టీ పట్టడం మానేసి, దాని చుట్టాలెవరో ఆరా తీస్తే?*

ఆ కుర్రాడికి పద్నాలుగేళ్లు. మెడలో నంబరు అట్ట, ముందు మైకు. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న జాక్ బెయిలీ ఒక మాట పలికాడు: 'సామొఫైల్'. ఏళ్ల తరబడి ఆ పోటీలో పదాలు చదివి వినిపించేది ఆయనే. 1980లో అదే పోటీ గెలిచిందీ ఆయనే.

కుర్రాడు గబగబా అక్షరాలు అందుకోలేదు. "సామో అంటే ఇసుక, గ్రీకు మాటేనా?" అని అడిగాడు. అవునన్నారు. "ఫైల్ అంటే ఇష్టపడేది, అది కూడా గ్రీకేనా?" అవునన్నారు. అక్కడికి సగం పని అయిపోయింది. పీ, ఎస్, ఏ, డబుల్ ఎమ్, ఓ, పీ, హెచ్, ఐ, ఎల్, ఈ అని అప్పజెప్పేశాడు. పైనుంచి రంగు కాగితాలు రాలాయి. 2023 జూన్ 1న, వాషింగ్టన్ పక్కనున్న నేషనల్ హార్బర్‌లో దేవ్ షా అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ విజేత అయ్యాడు. ఇసుక నేలల్లో బతికే మొక్కనో, పురుగునో 'సామొఫైల్' అంటారు.

చెవికి వినపడింది 'స'. నోటితో చెప్పింది 'పీ'. లేని పీని ఎక్కణ్నుంచి తెచ్చాడు? జ్ఞాపకశక్తి అని సరిపెట్టుకోవచ్చుగానీ, అడిగిన రెండు ప్రశ్నలూ చూడండి. అతను పదాన్ని అడగలేదు, పదం తాలూకు పుట్టింటిని అడిగాడు. గ్రీకు ఇంటి నుంచి వచ్చి 'స' అని మొదలయ్యే మాటల్లో కొన్నింటి ముందు పీ నోరు మూసుకుని కూర్చుంటుంది. సైకాలజీ ముందు అలాగే ఉంటుంది, సోరియాసిస్ ముందూ అలాగే.

ఇంటిపేర్లు చూస్తేనే తెలుస్తుంది

మే నెలాఖరు వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ పోటీ వార్త తిరగడం మామూలైపోయింది. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2016లో ఉమ్మడి విజేతల్లో ఒకడైన నిహార్ జంగా, 2018లో కార్తిక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ. ఇంటిపేరు చదవగానే 'మనవాళ్లే' అనేస్తాం. బృహత్ అయితే చివరి అంకంలో 90 సెకన్లలో 29 పదాలకు సరైన స్పెల్లింగ్ చెప్పి అందరినీ నోరెళ్లబెట్టించాడు.

వీళ్లందరిలోకీ నాకు మహంకాళి కథ ఇష్టం. 2011లో మూడో స్థానం దగ్గర ఆగిపోయాడు, జర్మన్ మాట దెబ్బకి. 2012లోనూ మూడో స్థానమే, మళ్లీ జర్మన్ మూలమున్న మాటే. 2013లో గెలిపించిన పదం 'క్నేడల్'. అది యూదుల ఇళ్లలో మాట్లాడే యిడ్డిష్ నుంచి వచ్చింది. ఆ యిడ్డిష్ జర్మన్‌కి దగ్గరి చుట్టం. క్నేడల్ అంటే సూప్‌లో వేసుకునే ఉండ. మన భాషలో చెప్పాలంటే కుడుము. రెండేళ్లు పడగొట్టిన భాషకి చుట్టమే మూడో ఏడు కుడుము పెట్టి గెలిపించింది.

ఆ క్నేడల్‌లో కే పలుకుతుంది. నైఫ్‌లో పలకదు. రెండూ అదే అక్షరాల జంటతో మొదలవుతాయి. ఒకచోట మాట్లాడే అక్షరం ఇంకోచోట ఎందుకు మూగబోయిందన్నది ఇంగ్లిష్ చరిత్రలోని పెద్ద తమాషా. దాని దగ్గరకి వద్దాం.

ముందు ఒక మాట. ఈ విజయాల వెనక ఒక తెలుగాయన వేసిన బాట ఉంది. రత్నం చిట్టూరి 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. ఇండియాలో చదువుకునే స్తోమత లేని పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం దాని లక్ష్యం. తర్వాత అదే సంస్థ అమెరికాలోని భారతీయ పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు పెట్టింది. జాతీయ పోటీకి వెళ్లేలోపు మనవాళ్ల పిల్లలకు అదో కసరత్తు మైదానం అయింది. అక్కడ నేర్పేది జాబితాలు మాత్రమే కాదు. ఈ ధాతువు ఏ భాషది, ఆ భాషలో ఈ శబ్దాన్ని ఏ అక్షరాలతో రాస్తారు అన్నది నేర్పుతారు.

ఇక్కడ మనం మాత్రం ఇంకా 'బీ యూ టీ బట్' దగ్గరే ఉన్నాం.

> అర్థం అడిగితే?
> స్పెల్లింగ్ వస్తే చాలదు, అర్థం కూడా తెలియాలని 2021 నుంచి పోటీలో పదాలకు అర్థం నోటితో చెప్పే రౌండు చేర్చారు. మరుసటి ఏడాదే పెద్ద గొడవ. 'పుల్యులేషన్' అంటే ఏమిటన్న ప్రశ్నకి హరిణి లోగన్ చెప్పిన జవాబు తప్పని ఆమెను పక్కన పెట్టేశారు. తర్వాత నిర్ణేతలు మళ్లీ తరచి చూసి, ఆ అర్థం కూడా కుదురుతుందని వెనక్కి పిలిచారు. చివరికి ఆమే గెలిచింది.

డెబిట్ కార్డు చెప్పే సాక్ష్యం

అప్పుని ఇంగ్లిష్‌లో 'డెట్' అంటారు. రాసేటప్పుడు మధ్యలో బీ వస్తుంది. ఈ బీ ఎందుకని మాస్టారిని అడిగితే 'సైలెంట్' అంటారు. అది జవాబు కాదు. జవాబు మీ పర్సులోనే ఉంది. డెబిట్ కార్డులో ఆ బీ గట్టిగా పలుకుతుంది. డెట్, డెబిట్ ఒకే లాటిన్ తల్లి బిడ్డలు. ఒకరు ఫ్రెంచివాళ్ల ఇంట పెరిగి బీని పోగొట్టుకుని ఇంగ్లండ్ వచ్చారు. తర్వాత లాటిన్ చదివిన పండితులు, తల్లి ఎవరో లోకానికి తెలియాలని, పోయిన అక్షరాన్ని రాతలో తిరిగి తగిలించారు. పలికేవాళ్లు పట్టించుకోలేదు. డౌట్‌లోని బీ కథా అంతే.

ఆ పండితుల్ని షేక్‌స్పియర్ ఊరికే వదల్లేదు. 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకంలో హోలోఫెర్నిస్ అనే బడిపంతులు ఉంటాడు. జనం డెట్, డౌట్ అని బీ మింగేసి పలుకుతున్నారని ఆయన వాపోతాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా హోలోఫెర్నిస్ వారసులు మన స్కూళ్లలో ఉన్నారు. 'ప్లంబర్' అని బీని గట్టిగా నొక్కి చెప్పించే వాళ్లు. అసలు పలుకుబడి 'ప్లమర్'.

ఒకసారి ఈ చుట్టరికం పట్టుబడితే తీగ లాగినట్టే వస్తుంది. 'సైన్' చేస్తాం, జీ పలకదు. 'సిగ్నేచర్' అనగానే జీకి గొంతు వస్తుంది. 'రిజైన్' చేసినవాడు 'రెజిగ్నేషన్' ఇస్తాడు. పత్రికలో 'కాలమ్' రాస్తే చివరి ఎన్ మాయం, రాసేవాడు 'కాలమ్నిస్ట్' కాగానే ప్రత్యక్షం. 'రిసీట్'లో పీ ఎందుకుందో హోటల్ 'రిసెప్షన్'లో నిలబడితే అర్థమవుతుంది. 'టూ' అనే చిన్న మాటలో డబ్ల్యూ ఎందుకు దాక్కుందో 'ట్విన్స్'ని, 'ట్వైస్'ని, 'ట్వెల్వ్'ని, 'ట్వెంటీ'ని అడగండి. రెండుతో లెక్క ఉన్న అందరూ ఒకే కుటుంబం.

అన్నింట్లోకీ నాకు నచ్చేది హెలికాప్టర్. దాన్ని మనం 'హెలి' దగ్గర విరుస్తాం. హెలిప్యాడ్ అనే మాట పుట్టింది కూడా అలా విరిచే. కానీ గ్రీకులో దాని అతుకు ఇంకోచోట ఉంది: 'హెలికో', అంటే మెలి తిరిగేది, 'ప్టెర్', అంటే రెక్క. అదే రెక్క రాక్షసబల్లుల కాలంనాటి 'టెరోడాక్టిల్'కీ ఉంది. అక్కడ పీ మొదట్లో పడింది కాబట్టి ఇంగ్లిష్ నోరు మింగేసింది. హెలికాప్టర్‌లో మధ్యలో పడి బతికిపోయింది.

చుట్టరికం ఉంది కదా అని ప్రతి అక్షరాన్నీ నమ్మకూడదు. 'ఐలండ్'లోని ఎస్ దొంగ చుట్టం. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఎస్ లేదు. లాటిన్ 'ఇన్సులా'తో సంబంధం ఉందని పొరపడిన వాళ్లు చొప్పించారు. అలా ఉండిపోయింది.

అచ్చులో గడ్డకట్టింది, నోట్లో కరిగిపోయింది

ఒకప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఇంచుమించు రాసినట్టే పలికేవారు. నైఫ్ (కత్తి), నైట్ (యోధుడు), నీ (మోకాలు) అనే మాటల్లో కే వినపడేది. 'నేమ్'ని మన 'నామం'కి దగ్గరగా 'నామె' అనేవారు. 'హౌస్'ని 'హూస్' అనేవారు. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లండ్‌లో దీర్ఘ అచ్చులన్నీ చోటు మారాయి. ఆ కుదుపుకి కారణమేమిటన్నది పండితులు ఈనాటికీ తేల్చుకోలేదు.

చిక్కేమిటంటే, ఆ మార్పు సగంలో ఉండగా అచ్చు యంత్రం వచ్చింది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్ పెట్టాడు. పాత పలుకుబడి మీద ఆధారపడిన రాతే పుస్తకాలకెక్కింది. నోరు మాత్రం కేని కూడా వదిలేసి ముందుకెళ్లిపోయింది. అందుకే 'కోమ్' (దువ్వెన), 'టూమ్' (సమాధి), 'బామ్' (బాంబు) మూడూ ఒకే తోకతో రాస్తారు, మూడు రకాలుగా పలుకుతారు, మూడింట్లోనూ బీ పలకదు.

సంస్కరణలకి ప్రయత్నాలు జరక్కపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నాటి నిఘంటువుతో 'కలర్'లో యూ తీసేయించగలిగాడు. నాలుకని 'టంగ్' అని పలికినట్టే రాయాలన్న ఆయన కోరిక మాత్రం ఎవరూ వినలేదు. బెర్నార్డ్ షా ఇంకో అడుగు ముందుకేసి, కొత్త లిపి తయారు చేయమని వీలునామాలో డబ్బు రాసిపెట్టాడు. లిపి తయారైంది. 1962లో ఆయన నాటకం ఒకటి అందులో అచ్చయింది కూడా. చదివే నాథుడు లేడు.

మన చెవికి దీర్ఘం, వాళ్ల చెవికి ఊనిక

సైలెంట్ అక్షరాలు నవ్వుకోవడానికి బాగుంటాయి. అసలు తంటా అక్కడ లేదు. కెనడా నుంచో, కాలిఫోర్నియా నుంచో ఫోన్‌లో ఉన్న మనిషి 'పార్డన్?' అని రెండోసారి అడిగాడంటే, సాధారణంగా మనం అక్షరం తప్పు పలికి ఉండం. ఊనిక తప్పు చోట వేసి ఉంటాం.

తెలుగులో హ్రస్వ దీర్ఘాలే ప్రాణం. 'పలక' వేరు, 'పాలక' వేరు. గురువు లఘువుల మీదే మన పద్యమంతా నడిచింది. ఏ అక్షరాన్నీ మనం మింగం, అన్నింటికీ వాటి వాటా ఇస్తాం. ఇంగ్లిష్‌కి ఆ న్యాయం లేదు. మాటలో ఒక్క చోట బరువంతా వేసి, మిగతా అచ్చుల్ని సగం 'అ'గా నలిపేస్తుంది. 'ఫోటోగ్రాఫ్'లో బరువు 'ఫో' మీద. ఫోటో తీసే మనిషి దగ్గరకొచ్చేసరికి అది రెండో అక్షరానికి జరిగి 'ఫటాగ్రఫర్' అవుతుంది. 'ఫోటగ్రాఫిక్' అంటే ఇంకాస్త ముందుకెళ్లి 'గ్రా' మీద కూర్చుంటుంది. తాత ఒకడే, మనవల గొంతులే వేరు. మనం మూడింటినీ ఒకే బరువుతో పలుకుతాం. 'పాలిటిక్స్'లో మొదటి అక్షరం, 'పొలిటికల్'లో రెండోది, 'పాలిటీషన్'లో మూడోది. రోజూ పేపర్లో కనిపించే మాటలే ఇవి.

మనం 'ఈవెంట్' అంటాం, వాళ్లు 'ఇవెంట్' అని వెంట్ మీద నొక్కుతారు. మన 'హోటల్' వాళ్లకి 'హొటెల్'. మన 'డెవలప్‌మెంట్' వాళ్లకి 'డివెలప్‌మెంట్'. 'ఇండస్ట్రీ'లో మనం 'డస్' మీద బరువేస్తాం, వాళ్లు 'ఇన్' మీద. 'రికార్డ్' అనే మాటయితే ఊనిక మొదట్లో వేస్తే వస్తువు, చివర వేస్తే పని.

దీన్ని శాస్త్రీయంగా కొలిచిన పుస్తకం వచ్చింది హైదరాబాదు నుంచే. ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. అక్కడి ఆర్.కె. బన్సల్, భారతీయుల ఇంగ్లిష్ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో పుస్తకం వెలువరించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపించిన ముఖ్య కారణాల్లో ఊనిక పొరపాట్లు ఒకటి. ఈ సంగతి తేలి యాభై ఏళ్లు దాటింది. ఇఫ్లూ ఉన్న తార్నాక నుంచి వెలువడిన విషయం అమీర్‌పేట దాకా వచ్చినట్టు లేదు. స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో ఇప్పటికీ నాలుక మెలితిప్పి 'ర్' పలకడమే నేర్పుతున్నారు.

> తెలుగూ తక్కువ తినలేదు
> 'మాది రాసినట్టే పలికే భాష' అని రొమ్ము విరుచుకునేముందు 'చలి', 'చిలక' పైకి అనండి. మొదటి మాటలోని చ పళ్ల దగ్గర పుడుతుంది, రెండోది అంగిలి దగ్గర. అక్షరం ఒకటే. ఆ తేడా చూపడానికి బ్రౌన్ నిఘంటువులో ౘ, ౙ అనే గుర్తులు వాడారు. ఇప్పుడు వాటిని వాడే వాళ్లు అరుదు. 'మేము', 'మేక' కూడా పలికి చూడండి. రెండు 'మే'లూ ఒకటి కావు. మేకలోని మే, 'మ్యా'కి దగ్గర. మాతృభాష కాబట్టి మనకు తెలియదంతే.

స్కోపీ అంటే చూడ్డం, ఎక్టమీ అంటే తీసేయడం

మాటల చుట్టరికం తెలియకపోతే ఇంటర్వ్యూలో ఉద్యోగం పోవచ్చు. ఆస్పత్రిలో అయితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

ఏ గుండె ఆస్పత్రి వరండాలోనైనా వినిపించే ప్రశ్న ఇది. "యాంజియో చేశామన్నారు గదమ్మా, మళ్లీ యాంజియో అంటారేంటి? డబ్బులకేనా?" పెద్దాయన అనుమానం సహజమే, ఆయన చెవిన పడింది మొదటి సగమే. 'యాంజియో' అంటే రక్తనాళం. తోకలో 'గ్రామ్' ఉంటే బొమ్మ తీశారని. టెలిగ్రామ్, కార్డియోగ్రామ్ దాని బంధువులే. 'ప్లాస్టీ' ఉంటే నాళాన్ని సరిచేశారని. మలచడానికి వీలైన 'ప్లాస్టిక్'దీ అదే వంశం. మొదటిది పరీక్ష, రెండోది చికిత్స.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ తీవ్రం. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. సంతకం పెట్టించుకునే కాగితం మీద ఉండే మాట 'హిస్టరెక్టమీ'. పక్క మంచం ఆమెకి రాసింది 'హిస్టరోస్కోపీ' కావచ్చు. మొదటి సగం ఒకటే: గర్భాశయం. ప్రాణం అంతా తోకలో ఉంది. స్కోపీ అంటే గొట్టం పెట్టి లోపల చూడ్డం. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. తీసేసినదాన్ని మళ్లీ పెట్టలేరు. పదో తరగతి చదివే కూతురు ఆ రెండు తోకలూ తెలిసినదైతే, పెన్ను తీసేముందు "అమ్మా, ఆగు, తీసేస్తారంట" అనగలదు. మన ఇంగ్లిష్ వాచకాల్లో మాత్రం ఇలాంటి పాఠం కనపడదు.

అన్నట్టు 'హిస్టీరియా' కూడా ఆ ఇంటి మాటే. ఆ జబ్బు గర్భాశయం వల్ల ఆడవాళ్లకే వస్తుందని గ్రీకులు నమ్మారు. నమ్మకం పోయింది, పేరు మిగిలింది.

పోలిక చూసి మోసపోవడమూ ఉంది. సైకిల్ 'పెడల్'లోనూ, నడిచే 'పెడెస్ట్రియన్'లోనూ ఉన్న 'పెడ్' లాటిన్ పాదం. మన సంస్కృత పాదానికి అక్కచెల్లెలే. పిల్లల డాక్టరు 'పీడియాట్రిషన్'లో ఉన్నది గ్రీకు బిడ్డ. రెండింటికీ సంబంధం లేదు. 'సైకాలజిస్ట్' మనసు గురించి చదివిన మనిషి, 'సైకియాట్రిస్ట్' మనసుకి వైద్యం చేసే డాక్టరు. ఆ 'ఇయాట్ర్' ముక్కే పీడియాట్రిషన్‌లోనూ ఉంది. అర్థం వైద్యం.

కల్నలా, కర్నలా?

తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ పిల్లల చేతికి అందాయి. మంచి ఏర్పాటే. కానీ పేజీకి గొంతు ఉండదు. ఆ గొంతు టీచరుదే కావాలి, ఆ టీచరు తెలుగు మీడియంలో చదివి వచ్చిన మనిషి కావచ్చు. 'వెజిటబుల్', 'కంఫర్టబుల్', 'కప్‌బోర్డ్' అని అన్ని అక్షరాలూ పలికితే పట్నం నుంచి వచ్చిన మేనల్లుడు నవ్వుతాడు. 'వెజ్టబుల్', 'కంఫ్టబుల్', 'కబడ్' అనాలట. నవ్వే మేనల్లుడు మాత్రం 'అయన్' అనాల్సిన ఇస్త్రీపెట్టెని 'ఐరన్' అంటాడు.

చాలాసార్లు ఆ నవ్వుకి ఆధారమే ఉండదు. 'షెడ్యూల్' లండన్‌లో సరైనది, 'స్కెడ్యూల్' న్యూయార్క్‌లో. 'ఆఫెన్', 'ఆఫ్టెన్' రెండింటినీ నిఘంటువులు ఒప్పుకుంటున్నాయి. అమెరికావాడు 'లూటెనెంట్' అంటే బ్రిటిష్‌వాడు 'లెఫ్టెనెంట్' అంటాడు, లేని ఎఫ్ ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవడూ వాణ్ని నిలదీయడు. 'కర్నల్' కథ ఇంకా విచిత్రం. ఇటాలియన్ 'కొలొనెల్లో' ఫ్రెంచిలో 'కొరొనెల్' అయింది. ఇంగ్లిష్‌వాళ్లు రాతకి ఇటలీని, నోటికి ఫ్రాన్సుని పట్టుకున్నారు. మన పత్రికలు 'కల్నల్' అని రాస్తున్నాయి. ఆర్మీవాళ్లు నవ్వినా, చరిత్ర ప్రకారం ఆ 'ల' పూర్వీకుల ఇంటిదే.

ఆసక్తి ఉన్నవాళ్లకి ఇప్పుడు దారి సులువు. డేనియల్ జోన్స్ 1917లో ఉచ్చారణ నిఘంటువు వేసేనాటికి చెవితో వినే వీలు లేదు, గుర్తులు చూసి ఊహించుకోవాలి. ఇప్పుడు ఫోన్‌లో నిఘంటువు తెరిచి స్పీకర్ బొమ్మ నొక్కితే బ్రిటిష్ గొంతూ, అమెరికన్ గొంతూ విడివిడిగా వినిపిస్తాయి. పదం పక్కన బ్రాకెట్లో పైకి నిలబడ్డ చిన్న గీత ఒకటుంటుంది. దాని వెంటనే వచ్చే అక్షరం మీదే ఊనిక. ఆ కిందే పుట్టుక గురించి రెండు వాక్యాలుంటాయి. మనలో ఎక్కువమంది అర్థం చూసి మూసేస్తాం.

మననుంచి వెళ్లినవి

చుట్టరికం ఒకవైపే నడవలేదు. 'గోల్కొండ' ఇంగ్లిష్ నిఘంటువులో ఉంది, కోట పేరుగా కాదు, తరగని సంపద అనే అర్థంలో. మన వజ్రాల పేరు మోగిన రోజుల్లో వెళ్లిన మాట. దానికన్నా దూరం వెళ్లింది మాత్రం పొలంగట్ల కింద బొరియలు తవ్వే మన పందికొక్కు. దొరల నోట అది 'బాండికూట్' అయింది. ఆ దొరల వెంటే ఆస్ట్రేలియా చేరి, అక్కడ ఎలుక జాతికి సంబంధమే లేని, పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఓ చిన్న జంతువుకి పేరైపోయింది. 1996లో వీడియో గేమ్ ఎక్కింది. 'క్రాష్ బాండికూట్' ఆడుతూ, ఆ మాటని అచ్చం అమెరికన్ యాసలో పలికే హైదరాబాదు పిల్లాణ్ని పిలిచి, "ఒరేయ్, అది పందికొక్కురా" అంటే నమ్మడు. నిఘంటువు తీసి చూపించాలి.